మానవ అస్థికండరాల నామకరణం: ఆధారాలు, పరిమితులు, తెలుగు పారిభాషిక పదనిర్మాణం

వ్యాససంగ్రహం:
మానవ శరీరంలోని అస్థికండరాల పేర్లలో అధికభాగం లాటిన్, గ్రీకు భాషలకు చెందినవి. ఉనికి, ఆకారం, పరిమాణం, తంతువుల దిశ, శీర్షాల సంఖ్య, అతుకుచోట్లు, చేసే పని అనే ఏడు ఆధారాలపై ఈ పేర్లు ఏర్పడ్డాయి. ఆ ఆధారాలను ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం మొదటి ఉద్దేశం. పేరు కండరాన్ని గుర్తుపట్టడానికి చేసిన వర్ణనే గాని దాని పనికి నిర్వచనం కాదని చూపడం రెండవది. ఈ అవగాహన తెలుగు పారిభాషిక పదాల ఎంపికకు ఎలా తోడ్పడుతుందో చివరి భాగం చర్చిస్తుంది.

కీలకపదాలు: అస్థికండరాలు, నామకరణం, శరీరనిర్మాణశాస్త్రం, పారిభాషిక పదాలు, పదనిర్మాణం, అనువాదం.

1. ఉపోద్ఘాతం

ఎముకలకు అతుక్కుని, ఇచ్ఛానుసారంగా కదిలే కండరాలను అస్థికండరాలు అంటారు. మానవ శరీరంలో వీటి సంఖ్య 600కు పైమాటే. లెక్కించే పద్ధతిని బట్టి ఈ సంఖ్య కొంత మారుతుంది. ఒకరు రెండు కండరాలుగా భావించినదాన్ని మరొకరు ఒకే కండరంలోని రెండు భాగాలుగా పరిగణించడమే ఇందుకు కారణం. పెద్దవారి శరీరబరువులో సుమారు 40 శాతం ఈ కండరాలదే. వైద్యం, నర్సింగ్, ఫిజియోథెరపీ, వ్యాయామవిద్య, జంతుశాస్త్రం అభ్యసించేవారందరూ వీటిలో కొన్నింటినైనా పేరుపేరునా తెలుసుకోవలసి ఉంటుంది.

తెలుగు విద్యార్థికి ఈ పేర్లు రెండు రూపాల్లో ఎదురవుతాయి. ఆంగ్లమాధ్యమంలో ‘స్టెర్నోక్లైడోమాస్టాయిడ్’ వంటి లాటిన్, గ్రీకు పదాలుగానూ, తెలుగుమాధ్యమంలో ‘ద్విశిరస్క కండరం’ వంటి సంస్కృత సమాసాలుగానూ కనిపిస్తాయి. పేరు ఎందుకు పుట్టిందో తెలియకపోతే రెండు సందర్భాల్లోనూ కంఠస్థం చేయడం తప్ప మరో దారి ఉండదు. ఆ పదాల వెనుక ఉన్న పద్ధతి తెలిస్తే మాత్రం పేరే కండరం గురించి కొంత సమాచారం అందిస్తుంది. ఆ సమాచారం ఎంతవరకు నమ్మదగినదో తెలుసుకోవడం కూడా అంతే అవసరం.

2. సంఖ్య నుండి పేరుకు

కండరాలకు విడివిడిగా పేర్లు పెట్టే అలవాటు ప్రాచీనమైనది కాదు. సుశ్రుతసంహితలోని శారీరస్థానం శరీరంలో 500 పేశులున్నాయని చెబుతుంది. వాటిలో 400 కాళ్లు చేతులలోను, 66 మధ్యదేహంలోను, 34 మెడకు పైభాగంలోను ఉన్నాయని విభజిస్తుంది. ఒక్కొక్క కాలివేలికి మూడేసి చొప్పున ఒక పాదపు వేళ్లకు పదిహేను అని ప్రదేశాన్ని బట్టి లెక్కిస్తుంది. పేశులు దళసరివి, పలుచనివి, గుండ్రనివి, పొట్టివి, పొడవైనవి, మెత్తనివి, గరుకైనవి అని స్వభావాన్ని కూడా పేర్కొంటుంది. సుశ్రుతుని ‘పేశి’ నేటి ‘కండరం’తో అన్నివిధాలా సమానం కాదు. అయినా ఉనికి, ఆకారం, పరిమాణం అనే మూడు ఆధారాలూ ఆ వర్ణనలో అప్పటికే ఉండడం గమనార్హం.

పాశ్చాత్య సంప్రదాయంలోనూ మొదటిదశలో సంఖ్యలదే ప్రాధాన్యం. రెండవ శతాబ్దానికి చెందిన గాలెన్ ఎన్నో కండరాలను వివరంగా వర్ణించాడు గాని, వాటిలో కొద్దింటికే ప్రత్యేకమైన పేర్లున్నాయి. 1543లో వెలువడిన ఆండ్రియాస్ వెసాలియస్ మహాగ్రంథం కూడా కండరాలను ప్రధానంగా ‘ఫలానా అవయవాన్ని కదిలించే మొదటి కండరం, రెండవ కండరం’ అనే రీతిలోనే పేర్కొంటుంది. ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ఒకరి మూడవ కండరం మరొకరికి నాలుగవది కావచ్చు. కొత్తగా ఒక కండరాన్ని గుర్తిస్తే వరుస మొత్తం మారిపోతుంది.

వెసాలియస్‌కు పారిస్‌లో గురువైన జాకోబస్ సిల్వియస్ సంఖ్యలకు బదులు పేర్లు వాడడంలో ముందడుగు వేశాడు. 1734లో లైడెన్ ఆచార్యుడు బెర్నార్డ్ సీగ్‌ఫ్రీడ్ అల్బినస్ ప్రచురించిన కండరచరిత్ర ఈ నామావళిని బాగా స్థిరపరచింది. అయినప్పటికీ దేశానికొక పేరు, గ్రంథానికొక పేరు అనే స్థితి కొనసాగింది. ఒకే భాగానికి ఉన్న అనేక నామాలను తగ్గించి, ఒక్కొక్కదానికి ఒక్క లాటిన్ పేరు స్థిరపరచే ప్రయత్నం 1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ఫలించింది. 1955లో పారిస్‌లో ఆమోదం పొందిన నామావళి, 1998లో వెలువడిన ‘టెర్మినోలోజియా అనటోమికా’ ఆ కృషికి కొనసాగింపులు. పేరు క్లుప్తంగా ఉండాలి, వర్ణనాత్మకంగా ఉండాలి, వ్యక్తుల పేర్లను వీలైనంతవరకు విడిచిపెట్టాలి, జంట విశేషణాలు పరస్పరం ఎదురుగా నిలవాలి అనేవి ఈ సంస్కరణలకు మూలసూత్రాలు.

3. నామకరణానికి ఏడు ఆధారాలు

3.1 ఉనికి: కండరం ఏ ఎముకకు లేదా ఏ శరీరభాగానికి దగ్గరగా ఉందో తెలిపే పేర్లివి. కణత ప్రాంతంలో ఉన్నది టెంపొరాలిస్. పక్కటెముకల మధ్య ఉన్నవి ఇంటర్‌కోస్టల్ కండరాలు. అంతర్జంఘిక అనే కాలి ఎముకకు ముందువైపున ఉన్నది టిబియాలిస్ యాంటీరియర్. ఇందులోని ‘ముందు’ అనే మాటకు ఒక నియమముంది. మనిషి నిటారుగా నిలబడి, అరచేతులు ముందుకు తిప్పి ఉన్న భంగిమనే ప్రమాణంగా తీసుకుని దిక్కులు చెబుతారు.

3.2 ఆకారం: భుజాన్ని కప్పి ఉండే డెల్టాయిడ్‌కు త్రికోణంలా ఉండే గ్రీకు అక్షరం ‘డెల్టా’ ఆధారం. రాంబాయిడ్ సమచతుర్భుజాన్ని, సెరేటస్ రంపపు పళ్లను, పిరిఫార్మిస్ బేరిపండును, అరచేతిలోని లంబ్రికల్స్ వానపాములను తలపిస్తాయి. మెడ నుండి వీపు వరకు వ్యాపించిన ట్రెపీజియస్ ఒకవైపు మాత్రమే చూస్తే త్రికోణమే. కుడి ఎడమలు రెండూ కలిస్తేనే పేరు సూచించే చతుర్భుజం కనిపిస్తుంది. సన్యాసుల తలముసుగును పోలి ఉందని పూర్వం దీన్నే ‘కుకులారిస్’ అన్నారు.

3.3 పరిమాణం: పిరుదుల్లోని మూడు కండరాలు గ్లూటియస్ మాక్సిమస్, మీడియస్, మినిమస్. వీటికి వరుసగా అన్నిటికంటే పెద్దది, మధ్యస్థం, అన్నిటికంటే చిన్నది అని అర్థం. లాంగస్ పొడవైనది, బ్రెవిస్ పొట్టిది, వాస్టస్ విశాలమైనది. వీపు మీది లాటిసిమస్ డోర్సై ‘వీపున అత్యంత వెడల్పైనది’. ఈ పేర్లలో చాలావరకు సాపేక్షమైనవి. పేరులో ‘పొడవైనది’ అని ఉంటే పొట్టిది ఒకటి ఎక్కడో ఉందని ఊహించవచ్చు.

3.4 తంతువుల దిశ: శరీర మధ్యరేఖకు లేదా అవయవపు పొడవుకు సమాంతరంగా సాగేది రెక్టస్, అడ్డంగా సాగేది ట్రాన్స్‌వర్సస్, ఏటవాలుగా సాగేది ఆబ్లిక్. పొట్ట గోడలో ఈ మూడు రకాలూ ఉన్నాయి. మధ్యలో నిలువుగా రెక్టస్ అబ్డామినిస్, పక్కన పొరలు పొరలుగా బయటి ఆబ్లిక్, లోపలి ఆబ్లిక్, అన్నిటికంటే లోపల ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్ ఉంటాయి. తంతువులు వేర్వేరు దిశల్లో సాగడం వల్లనే ఈ గోడ పలుచనిదైనా దృఢంగా ఉంటుంది.

3.5 శీర్షాల సంఖ్య: కండరం మొదలయ్యే చోట విడివిడిగా ఉండే భాగాలను శీర్షాలు అంటారు. రెండుంటే బైసెప్స్, మూడుంటే ట్రైసెప్స్, నాలుగుంటే క్వాడ్రిసెప్స్. బైసెప్స్ చేతిలోనే కాక తొడ వెనుక కూడా ఒకటి ఉంది. కాబట్టి ‘బైసెప్స్’ అన్నంత మాత్రాన పేరు పూర్తి కాదు. చేతిది బైసెప్స్ బ్రేకియై, తొడది బైసెప్స్ ఫెమోరిస్.

3.6 అతుకుచోట్లు: కండరం ఒక కొన సాధారణంగా స్థిరంగా ఉండే ఎముకకు, మరొక కొన కదిలే ఎముకకు అతుక్కుని ఉంటుంది. మొదటిదాన్ని మూలస్థానం, రెండవదాన్ని నివేశస్థానం అనవచ్చు. స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ అనే దీర్ఘనామం ఈ రెండింటి జాబితాయే. ‘స్టెర్నో’ అంటే ఉరోస్థి, ‘క్లైడో’ అంటే జత్రుక, ‘మాస్టాయిడ్’ అంటే చెవి వెనుకనున్న ఎముక ఉబ్బు. మొదటి రెండూ మూలస్థానాలు, చివరిది నివేశస్థానం.

3.7 పని: ఫ్లెక్సర్ ముడిచేది, ఎక్స్‌టెన్సర్ చాచేది. అబ్డక్టర్ మధ్యరేఖ నుండి దూరంగా జరిపేది, అడ్డక్టర్ దగ్గరకు చేర్చేది. లెవేటర్ పైకి లేపేది, డిప్రెసర్ కిందికి దించేది. సుపినేటర్ అరచేతిని ముందుకు లేదా పైకి తిప్పేది, ప్రొనేటర్ దానికి విరుద్ధంగా తిప్పేది. దవడలోని మాసెటర్‌కు గ్రీకులో ‘నమిలేది’ అని అర్థం. తొడకు అడ్డంగా ఏటవాలుగా సాగే సార్టోరియస్ శరీరంలోకెల్లా పొడవైన కండరం. దీనికి లాటిన్‌లో దర్జీ అనే అర్థమున్న మాట నుండి పేరు వచ్చింది. పూర్వపు దర్జీల్లా బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి తోడ్పడే కదలికలన్నీ, అంటే తొడను ముడవడం, పక్కకు చాచడం, బయటికి తిప్పడం, మోకాలిని ముడవడం, ఈ కండరం చేస్తుంది.

4. సమ్మేళన నామాలు

ఆచరణలో చాలా పేర్లు ఒకటి కంటే ఎక్కువ ఆధారాల కలయిక. ‘ఎక్స్‌టెన్సర్ కార్పి రేడియాలిస్ లాంగస్’ అనే పేరులో నాలుగు మాటలున్నాయి. చాచేది అన్నది పని. మణికట్టును అన్నది ఆ పనికి లోనయ్యే భాగం. రత్ని అనే ముంజేతి ఎముక వైపున అన్నది ఉనికి. పొడవైనది అన్నది పరిమాణం. దీన్నిబట్టి మరి కొన్నింటిని ఊహించవచ్చు. ‘పొడవైనది’ ఉంది కాబట్టి ‘పొట్టిది’ ఉండాలి. ‘రత్ని వైపు’ ఉంది కాబట్టి ‘అరత్ని వైపు’ ఉండాలి. ‘చాచేది’ ఉంది కాబట్టి ‘ముడిచేది’ ఉండాలి. ఈ మూడు ఊహలూ నిజమే. ఒక పేరును విడదీయగలిగినవారికి దాని ఇరుగుపొరుగు కండరాల పేర్లు కూడా చాలావరకు తెలిసిపోతాయి.

తొడ ముందుభాగంలోని క్వాడ్రిసెప్స్ ఫెమోరిస్ మరొక మంచి ఉదాహరణ. సమూహం పేరుకు శీర్షాల సంఖ్య, ఉనికి ఆధారం. అందులోని నాలుగు భాగాల్లో రెక్టస్ ఫెమోరిస్‌కు దిశ ఆధారం కాగా, వాస్టస్ లాటెరాలిస్, మీడియాలిస్, ఇంటర్మీడియస్ అనే మిగిలిన మూడింటికి పరిమాణం, ఉనికి ఆధారాలు. మోకాలిని చాచడం అనే ఒకే ప్రధానమైన పని చేసే సమూహంలో ఏ ఒక్కదాని పేరులోనూ ఆ పని ప్రస్తావన లేదు. రెక్టస్ ఫెమోరిస్ మాత్రమే తుంటిని కూడా దాటి పోతుంది గనుక తొడను ముడవడంలోనూ పాల్గొంటుంది. ఆ విశేషం కూడా పేరులో కనిపించదు.

5. పేరు చెప్పని విషయాలు

పై ఉదాహరణ నామకరణానికి ఉన్న పరిమితిని చూపుతుంది. పేరు పెట్టినవారు శవపరీక్ష బల్ల మీద కంటికి కనిపించినదాన్ని వర్ణించారు. ఆకారం, పొడవు, అతుకుచోట్లు అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి. పని మాత్రం చాలాసార్లు ఊహించవలసిందే. అందువల్ల ఒకే పని చేసే కండరాలకు వేర్వేరు ఆధారాలపై పేర్లు రావడం సహజం. ఆహారం నమలడానికి ప్రధానంగా తోడ్పడే కండరాలు ప్రతి పక్కన నాలుగు. వాటిలో మాసెటర్‌కు పని, టెంపొరాలిస్‌కు ఉనికి, రెండు టెరిగాయిడ్ కండరాలకు అవి అతుక్కున్న రెక్కవంటి ఎముక భాగం ఆధారం. పేరును మాత్రమే చూస్తే నమలడం మాసెటర్ ఒక్కదాని బాధ్యత అనిపిస్తుంది.

పనిని బట్టి పెట్టిన పేర్లు కూడా పూర్తిగా నమ్మదగినవి కావు. పెదవి మూలను పక్కకు లాగే రిసోరియస్‌కు ‘నవ్వు’ అనే అర్థమున్న లాటిన్ మాట మూలం. కానీ చిరునవ్వులో పెదవి మూలలను పైకి లేపే ముఖ్యమైన కండరం జైగోమాటికస్ మేజర్. దాని పేరు చెంప ఎముకను మాత్రమే తెలుపుతుంది. బుగ్గలోని బక్సినేటర్‌కు ‘బాకా ఊదేవాడు’ అని అర్థం. బాకా ఊదేటప్పుడు అది పనిచేస్తుందన్నది నిజమే. అయితే నమిలే ఆహారం బుగ్గ వైపు జారకుండా పళ్ల మధ్య నిలపడం అది నిత్యం చేసే పని.

బైసెప్స్ బ్రేకియై మోచేతిని ముడుస్తుందని అందరికీ తెలుసు. మోచేయి ముడిచి ఉన్నప్పుడు అరచేతిని పైకి తిప్పడంలో కూడా ఇదే బలమైన కండరం. కుడిచేత్తో స్క్రూ బిగించేటప్పుడు ఈ సంగతి అనుభవంలోకి వస్తుంది. అయినా ఆ పనిని తెలిపే ‘సుపినేటర్’ అనే పేరు ముంజేతిలోని మరొక చిన్న కండరానికి దక్కింది. శీర్షాల సంఖ్య కూడా అందరిలో ఒకేలా ఉండదు. కొందరిలో బైసెప్స్‌కు మూడవ శీర్షం కనిపిస్తుంది.

జంట పేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. టెరెస్ మేజర్, టెరెస్ మైనర్ అనే రెండు కండరాలు పక్కపక్కనే అంసఫలకం నుండి బయలుదేరి భుజాస్థిని చేరతాయి. పేర్లను బట్టి ఒకే పని చేసే పెద్ద, చిన్న కండరాలు అనిపిస్తాయి. కానీ మేజర్ చేతిని లోపలికి తిప్పితే మైనర్ బయటికి తిప్పుతుంది. వాటికి వచ్చే నాడులు కూడా వేరు. ఛాతీలోని పెక్టొరాలిస్ జంటలో మేజర్ భుజాస్థిని కదిలిస్తే, మైనర్ అంసఫలకాన్ని కదిలిస్తుంది. భుజం గాయపడిన రోగిని పరీక్షించేవారు ఇటువంటి చోట్ల పేరును నమ్ముకుంటే నిర్ధారణే తప్పుతుంది.

అతుకుచోట్లను తెలిపే పేర్లు ఈ విషయంలో భిన్నమైనవి. అవి పనిని చెప్పవు గాని, ఊహించడానికి దారి చూపుతాయి. స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ ఛాతీ ముందునుండి చెవి వెనుకకు సాగుతుంది. కుడివైపుది సంకోచిస్తే కుడిచెవి వెనుకభాగం ముందుకు, కిందికి వస్తుంది. ఫలితంగా ముఖం ఎడమవైపుకు తిరుగుతుంది. పేరులోని మూడు ఎముకలు తెలిసినవారు ఈ కదలికను తర్కంతో చేరుకోగలరు.

6. తెలుగు పారిభాషిక పదనిర్మాణం

కళాశాల స్థాయి శాస్త్రగ్రంథాలను తెలుగులో అందించే లక్ష్యంతో 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన నాటినుండి శరీరనిర్మాణ పదాల తెలుగు రూపాలు తరగతి గదుల్లోకి వచ్చాయి. వాటిని పరిశీలించడానికి, కొత్తవి నిర్మించడానికి పై ఏడు ఆధారాలు ఒక కొలమానాన్ని అందిస్తాయి. మూలనామం ఏ ఆధారంపై నిలిచిందో, తెలుగు పదం కూడా పాఠకునికి అదే ఆధారాన్ని స్ఫురింపజేయాలి. ‘ద్విశిరస్క’ అనే మాట ఈ పరీక్షలో నెగ్గుతుంది.

సంస్కృతపదం తెలుగు పాఠకునికి వేరే అర్థాన్నిచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి. సంస్కృత శారీరశాస్త్రంలో ‘శంఖం’ అంటే కణత. ఆ సంప్రదాయాన్ని అనుసరించి టెంపొరాలిస్‌ను ‘శంఖ కండరం’ అంటే, తెలుగు విద్యార్థి శంఖం ఆకారంలోని కండరమని భావించే ప్రమాదముంది. ఉనికిని తెలిపే పేరు ఆకారాన్ని తెలిపేదిగా మారిపోతుంది. ‘కణత కండరం’ అంటే ఈ చిక్కు లేదు. పిక్క, తొడ, జబ్బ, బుగ్గ, పిరుదు, మణికట్టు వంటి అచ్చతెలుగు మాటలు ఉనికిని తెలిపే నామాలకు సహజంగా సరిపోతాయి. గాస్ట్రోక్నీమియస్‌కు ‘కాలి పొట్ట’ అని గ్రీకు అర్థం. తెలుగు దేహభాషలో ఆ ఉబ్బెత్తు కండకు ‘పిక్క’ అనే సొంత మాట ఉండగా పొట్టను అనువదించనవసరం లేదు.

రెండవ అంశం విశేషణాల నిలకడ. లాంగస్, మాగ్నస్, మేజర్, మాక్సిమస్ అనే నాలుగింటికీ ‘పెద్ద’ అనే ఒక్క మాటే వాడితే మూలంలోని భేదం చెరిగిపోతుంది. దీర్ఘ-హ్రస్వ, గురు-లఘు, గరిష్ఠ-మధ్యమ-కనిష్ఠ అనే వరుసలను స్థిరపరచి, అన్నిచోట్లా అవే వాడితే ఒక పేరునుండి మరొకదాన్ని ఊహించే వీలు తెలుగులోనూ నిలుస్తుంది. ఎముకల పేర్లకూ ఇదే నియమం. ఎముకను ‘రత్ని’ అని నేర్పి, దాన్ని బట్టి ఏర్పడిన కండరనామంలో వేరే మాట వాడితే ఆ సంబంధం తెగిపోతుంది. కాలి ఎముక ‘ఫిబ్యులా’తో పొందిక కోసం ‘పెరోనియస్’ కండరాలను 1998 నామావళి ‘ఫిబ్యులారిస్’గా నమోదు చేసి, పాత పేరును ప్రత్యామ్నాయంగా ఉంచింది. రెండు మాటలకూ అర్థం ఒక్కటే అయినా ఎముకతో పొందికకు అంతటి విలువనిచ్చారు.

మూడవది పదక్రమం. లాటిన్‌లో ప్రధానపదం ముందు వచ్చి, విశేషణాలు తరువాత చేరతాయి. తెలుగులో విశేషణాలు ముందుండి, ప్రధానపదం చివర నిలుస్తుంది. కాబట్టి పై ఎక్స్‌టెన్సర్ పేరు ‘రత్ని వైపున మణికట్టును చాచే దీర్ఘకండరం’ అవుతుంది. మాటల వరుస తలకిందులైనా ఆధారాలు నాలుగూ చెక్కుచెదరలేదు. ఇది పదం కంటే వివరణకు దగ్గరగా ఉన్నమాట నిజమే. పాఠ్యగ్రంథంలో మొదటిసారి ఇటువంటి వివరణను, ఆపైన క్లుప్తమైన పారిభాషికరూపాన్ని ఇవ్వడం ప్రయోజనకరం.

చివరిది ఉపమానంపై నిలిచిన పేర్లు. డెల్టాయిడ్‌ను ‘త్రికోణ కండరం’ అంటే గ్రీకు అక్షరం పోయినా ఆకారం నిలుస్తుంది. సార్టోరియస్‌ను ‘దర్జీ కండరం’ అని అనువదిస్తే, కూర్చునే భంగిమను వివరిస్తే గాని అర్థం స్ఫురించదు. ఇటువంటి చోట మూలనామాన్ని తెలుగు లిపిలో ఉంచి, దాని కథను ఒక వాక్యంలో చెప్పడం మేలు. రిసోరియస్ వంటి పేర్లను అసలు పనికి తగినట్లు సరిదిద్దబోతే, అంతర్జాతీయ నామంతో సంబంధం తెగి, విద్యార్థికి రెండింతల భారమవుతుంది. పేరును పేరుగా ఉంచి, పనిని విడిగా బోధించడమే సమంజసం.

7. ముగింపు

అస్థికండరాల పేర్లు శతాబ్దాల పరిశీలన నుండి రూపొందిన సంక్షిప్త వర్ణనలు. ఏడు ఆధారాలు తెలిసిన విద్యార్థి పేరును విడదీసి కండరం ఎక్కడుందో, ఎలా ఉందో, ఎక్కడ అతుక్కుందో చాలావరకు చెప్పగలడు. ఆ వర్ణన చేసినవారి దృష్టి ఆగిన చోటే పేరు అందించే సమాచారమూ ఆగిపోతుంది. పనిని తెలుసుకోవడానికి కండరం ఏ కీలును ఏ వైపునుండి దాటుతుందో, దానికి వచ్చే నాడి ఏదో పరిశీలించవలసి ఉంటుంది.

తెలుగులో శరీరనిర్మాణశాస్త్రం బోధించే అధ్యాపకులకు, పదకోశాలు కూర్చేవారికి ఇందులో ఒక స్పష్టమైన కర్తవ్యం ఉంది. ఒక్కొక్క తెలుగు పదం ఏ ఆధారాన్ని స్ఫురింపజేస్తున్నదో పరీక్షించి, మూలంతో పొసగనివాటిని గుర్తించాలి. విశేషణాల వరుసలను, ఎముకల పేర్లను అన్ని గ్రంథాల్లోనూ ఒకేలా పాటించాలి. అప్పుడు లాటిన్ పేరును విడదీసి చదివే విద్యార్థికి అందే సమాచారమే తెలుగు పేరును చదివే విద్యార్థికీ అందుతుంది.